రీమ్యాప్ చేయించిన కారుకు ఏ క్లచ్ వేయాలి?

కారు రీమ్యాప్ చేయించిన (అంటే ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పించి బలం పెంచిన) మొదటి వారం అంతా బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఒకరోజు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఐదో గేరులో 80 దగ్గర వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు. ఆర్పీఎం ముల్లు 2,000 నుంచి 3,000కి ఎగిరిపోతుంది. స్పీడు మాత్రం పెరగదు. కాసేపటికి ఏసీ గాలితో పాటు కాలిన వాసన లోపలికి వస్తుంది. క్లచ్ జారుతోందని అర్థం.

అప్పుడు మంచి క్లచ్ కోసం వెతకడం మొదలుపెడితే అందరూ అడిగే మొదటి ప్రశ్న, "ఏ స్టేజ్ కావాలి?" స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3 అనే ఈ మాటలకు ఎక్కడా నిర్ణీతమైన ప్రమాణం లేదు. ఏ కంపెనీ పెట్టుకున్న పేర్లు ఆ కంపెనీవి. ఒకరి స్టేజ్ 2 ఇంకొకరి స్టేజ్ 1 కన్నా బలహీనంగా ఉండవచ్చు. స్టేజ్ పెద్దదైతే క్లచ్ మంచిదన్న అభిప్రాయం వల్ల చాలామంది ఖరీదైన క్లచ్ వేయించుకుని, ఆర్నెల్లు తిరక్కుండానే మళ్లీ గేర్‌బాక్స్ దింపించుకుంటారు. ట్రాక్ మీద కాకుండా ఆఫీసుకీ, ఊరికీ తిరిగే కారుకు నేను చెప్పేది ఒకటే: మీ ఇంజిన్ టార్క్‌ను (తిప్పే బలాన్ని) కొంత మార్జిన్‌తో పట్టుకోగలిగిన క్లచ్‌లలో అన్నిటికన్నా మెత్తనిది వేయించుకోండి. ఆ ఎంపిక ఎలా చేయాలో తెలియాలంటే క్లచ్‌కు పట్టు ఎక్కడి నుంచి వస్తుందో కాస్త చూడాలి.

నాలుగు అంకెల లెక్క

ఇంజిన్‌కు బిగించి ఉన్న ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఒకవైపు, ప్రెజర్ ప్లేటు ఇంకోవైపు, రెండింటి మధ్య గేర్‌బాక్స్ షాఫ్టు మీద కూర్చున్న క్లచ్ ప్లేటు. డయాఫ్రమ్ స్ప్రింగ్ ఈ మూడింటినీ కలిపి నొక్కి పడుతుంది. పెడల్ తొక్కితే ఆ ఒత్తిడి పోతుంది, ప్లేటు వదులవుతుంది. ఆ నొక్కుడులో ఎంత టార్క్ జారకుండా అటు వెళ్తుందో చెప్పడానికి నాలుగు అంకెలను గుణించాలి: ప్లేటు మీది లైనింగ్ (రాపిడి పొర) ఘర్షణ గుణకం, స్ప్రింగ్ బిగింపు బలం, ప్లేటు సగటు వ్యాసార్థం, రాపిడి జరిగే ముఖాల సంఖ్య.

ఒక ఉదాహరణ వేసుకుందాం. మామూలు ఆర్గానిక్ లైనింగ్ ఘర్షణ గుణకం 0.27. బిగింపు 6,000 న్యూటన్లు. 75 కేజీల వడ్ల బస్తాలు ఎనిమిది ప్లేటు మీద పెడితే ఎంత బరువో దాదాపు అంత. సగటు వ్యాసార్థం 10 సెంటీమీటర్లు, అంటే 0.1 మీటరు. ప్లేటుకు రెండు ముఖాలు. గుణిస్తే 324 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియాల్లో వచ్చే 1.5 టీఎస్ఐ ఇంజిన్ టార్క్ 250 న్యూటన్ మీటర్లు. అలాంటి ఇంజిన్‌కు ఈ క్లచ్ వేస్తే దాదాపు 30 శాతం మార్జిన్ మిగులుతుంది. (క్లచ్ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఆ కార్ల కంపెనీ ఇచ్చినవి కావు.) కార్ల తయారీదారులు ఇలాంటి మార్జిన్ ఉంచేది ప్లేటు అరిగినా, వేడెక్కినా, లోడుతో ఘాట్ ఎక్కినా క్లచ్ జారకూడదని.

ఇప్పుడు ఆ ఇంజిన్‌ను రీమ్యాప్ చేసి 320కి తీసుకెళ్లారనుకోండి. కాగితం మీద 324 ఇంకా 320 కన్నా ఎక్కువే. రోడ్డు మీద ఆ నాలుగు న్యూటన్ మీటర్ల తేడా ఎందుకూ పనికిరాదు. క్లచ్ వేడెక్కి ఘర్షణ గుణకం 0.27 నుంచి 0.23కి పడితే పట్టు 276కు దిగిపోతుంది. జారుడు మొదలవుతుంది. జారినకొద్దీ వేడి పెరుగుతుంది, వేడెక్కినకొద్దీ ఇంకా జారుతుంది. అందుకే నిన్నటిదాకా బాగున్న క్లచ్ ఒక్క మధ్యాహ్నంలో పూర్తిగా పోయినట్టు అనిపిస్తుంది.

జారుడు ముందుగా పై గేర్లలోనే బయటపడడానికి కూడా కారణం ఉంది. ఫస్ట్ గేరులో ఇంజిన్ చకచకా తిరిగి గరిష్ఠ టార్క్ ఉండే ఆర్పీఎంను క్షణాల్లో దాటేస్తుంది. పైగా ఆ టార్క్‌లో కొంత ఇంజిన్‌నూ ఫ్లైవీల్‌నూ వేగం పెంచడానికే ఖర్చవుతుంది, అది క్లచ్ దాకా రాదు. ఐదో గేరులో వేగం మెల్లగా పెరుగుతుంది కాబట్టి దాదాపు మొత్తం టార్క్ సెకన్ల కొద్దీ క్లచ్ మీదే నిలబడుతుంది. మీ క్లచ్‌ను పరీక్షించాలంటే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులోనో ఐదో గేరులోనో 1,800 దగ్గర నుంచి పూర్తిగా తొక్కి చూడండి. ముల్లు, స్పీడు కలిసి పెరగాలి. ఒకటి రెండుసార్లు చాలు. పదేపదే చేస్తే ఉన్న క్లచ్ కూడా కాలిపోతుంది.

పట్టు పెంచాలంటే ఆ నాలుగు అంకెల్లో ఏదో ఒకటి పెంచాలి. వ్యాసార్థం పెంచడానికి బెల్ హౌసింగ్‌లో (క్లచ్‌ను కప్పి ఉంచే డొప్పలో) చోటుండదు. ముఖాలు పెంచడం అంటే రెండు ప్లేట్ల క్లచ్, దాని సంగతి తర్వాత. మిగిలినవి రెండు. గట్టి ప్రెజర్ ప్లేటు వేసి బిగింపు 25 శాతం పెంచితే అదే ఆర్గానిక్ ప్లేటుతో 405 వస్తుంది. బిగింపు ముట్టుకోకుండా సిరామిక్ ప్లేటు వేసి ఘర్షణ గుణకాన్ని 0.36కి పెంచితే 432 వస్తుంది, అదీ పెడల్ బరువెక్కకుండా. అంకెలు మాత్రమే చూసేవాళ్లు ఇక్కడ సిరామిక్‌ వైపు వెళ్లిపోతారు. నేనైతే వెళ్లవద్దనే చెబుతాను.

లైనింగ్ ఏదన్నదే అసలు విషయం

ఆర్గానిక్ అంటే రెసిన్‌లో గాజు నార, ఇతర నారలు, రాగి లేదా ఇత్తడి తీగలు కలిపి ఒత్తిన లైనింగ్. షోరూమ్ నుంచి వచ్చే కార్లలో ఎక్కువగా ఉండేది ఇదే. ఇది మెత్తగా పట్టుకుంటుంది. పెడల్ వదులుతున్నకొద్దీ పట్టు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. లైనింగ్ ఒక్కటే కాదు, రెండు లైనింగ్‌ల మధ్య అలల్లా వంచిన పల్చటి స్టీలు రేకులు కూడా దీనికి కారణం. ప్లేటు నొక్కుకునేటప్పుడు ఆ రేకులు పరుపులా అణిగి, పట్టును ఒక్కసారిగా రానివ్వవు. ఆర్గానిక్ లోపం వేడి. 300 డిగ్రీలు దాటుతున్నకొద్దీ రెసిన్ దెబ్బతినడం మొదలవుతుంది. అయితే ఒక మంచి గుణం ఉంది. ఒకసారి కాస్త మించి వేడెక్కినా, చల్లారాక చాలావరకు మళ్లీ పట్టుకుంటుంది.

కెవ్లార్ ప్లేట్ల పేరు మీరు వినే ఉంటారు. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే నార జాతే. ఇది చాలాకాలం మన్నుతుంది, మెత్తగా కూడా పట్టుకుంటుంది. కానీ దీని ఘర్షణ గుణకం ఆర్గానిక్ కన్నా గొప్పగా ఎక్కువేమీ ఉండదు. పైగా ఒకసారి బాగా కాలి నున్నబడితే ఆర్గానిక్‌లా తిరిగి కోలుకోదు. ట్రాఫిక్‌లో జాగ్రత్తగా నడిపి, ఏళ్ల తరబడి అదే క్లచ్ ఉండాలనుకునేవాళ్లకు ఇది సరిపోతుంది. సిగ్నల్ దగ్గర గట్టిగా లాంచ్ చేసేవాళ్లకు, అంటే ఆర్పీఎం పెంచి కారును ఒక్కసారిగా దూకించేవాళ్లకు, సరిపోదు.

ఇక సిరామిక్. పేరు సిరామిక్ అయినా ఇందులో ఎక్కువ భాగం లోహమే. రాగి, ఇనుము వంటి లోహాల పొడిలో గ్రాఫైట్, సిరామిక్ రేణువులు కలిపి వేడితో ముద్ద కట్టించిన ముక్కలివి. మన మెకానిక్‌లకు ఇది కొత్త కాదు. ట్రాక్టర్లకు, లారీలకు వేసే బటన్ క్లచ్ ఇదే. వేడిని అద్భుతంగా తట్టుకుంటుంది, బరువైన లోడును పట్టుకుని నిలబడుతుంది. పొలంలో నాగలి లాగే ట్రాక్టర్‌కు అదే కావాలి. కారులోకి వచ్చేసరికి మూడు, నాలుగు లేదా ఆరు బటన్లున్న ప్లేటుగా వస్తుంది. చాలా ప్లేట్లలో ఆ పరుపులాంటి రేకులు ఉండవు. అందుకని పట్టుకుంటే పూర్తిగా పట్టుకుంటుంది, లేకపోతే అసలు పట్టుకోదు. మధ్యలో ఏమీ ఉండదు.

ఆరు బటన్ల సిరామిక్ ప్లేటు ఉన్న ఒక హ్యాచ్‌బ్యాక్‌ను నేను సాయంత్రం ఆరున్నరకు బయోడైవర్సిటీ జంక్షన్ నుంచి హైటెక్ సిటీ దాకా నడిపాను. ఔటర్ మీద ఆ కారు ఎంత బాగుందో ట్రాఫిక్‌లో అంత నరకంగా ఉంది. ముందు బండి రెండడుగులు కదిలిన ప్రతిసారీ నా కారు ఒక్క జర్కుతో ముందుకు దూకింది, లేదా ఆగిపోయింది. జర్కు రాకుండా ఆర్పీఎం పెంచి హాఫ్ క్లచ్ మీద నడిపితే ముందు చక్రాల దగ్గర నుంచి కారంతా గడగడా వణికింది. మెకానిక్‌లు దీన్ని జడ్డర్ అంటారు. అప్పుడే నాకు అర్థమైంది. ఆ జర్కుకు భయపడి మనం సిరామిక్ క్లచ్‌ను మామూలు దాని కన్నా ఎక్కువగా జారనిస్తాం. దాంతో ఫ్లైవీల్ ముఖం మీద నీలిరంగు మచ్చలు పడతాయి, అక్కడక్కడా గట్టిపడుతుంది, వణుకు ఇంకా పెరుగుతుంది. వేడిని తట్టుకుంటుందని వేసిన ప్లేటు ఫ్లైవీల్‌ను తినేస్తుంది.

ఒకవైపు ఆర్గానిక్, ఇంకోవైపు సిరామిక్ ఉన్న ప్లేట్లు కూడా దొరుకుతాయి. రీమ్యాప్‌తో పాటు పెద్ద టర్బో కూడా వేయించి, వారాంతాల్లో మాత్రమే తీసే కారుకు అవి ఆలోచించదగ్గవి. రోజువారీ కారుకు గట్టి ప్రెజర్ ప్లేటు, మంచి రకం ఆర్గానిక్ ప్లేటు జత సరిపోతుంది. అది చాలదని లెక్కలో తేలితేనే తర్వాతి మెట్టు ఎక్కాలి.

వేడి లెక్క ఎవరూ చెప్పరు

ఆగి ఉన్న కారును కదిలించేటప్పుడు ఇంజిన్ ఒక వేగంతో తిరుగుతుంటుంది, గేర్‌బాక్స్ ఆగి ఉంటుంది. రెండూ కలిసేదాకా క్లచ్ జారాలి. ఇంజిన్‌ను ఒకే ఆర్పీఎం దగ్గర ఉంచి చదును నేల మీద కదిలించారనుకుంటే, రెండూ కలిసే సమయానికి కారుకు ఎంత గతిశక్తి వచ్చిందో సరిగ్గా అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. 1,200 కేజీల కారు మెల్లగా బయల్దేరి, 10 కిలోమీటర్ల వేగం దగ్గర క్లచ్ పూర్తిగా పట్టుకుంటే దాదాపు 4.6 కిలోజౌళ్లు. అదే కారును ఆర్పీఎం పెంచి లాంచ్ చేసి, 30 దగ్గర క్లచ్ పట్టుకుంటే 41 కిలోజౌళ్లు పైనే. వేగం మూడు రెట్లు, వేడి తొమ్మిది రెట్లు. ఒక్క లాంచ్‌లో తొమ్మిది సిగ్నళ్ల వేడి వస్తుంది, అదీ ఒకటి రెండు సెకన్లలో.

ఇంకోవైపు నుంచి చూస్తే, పంజాగుట్ట దగ్గర గంటలో 200 సార్లు మెల్లగా కదిలి ఆగినా మొత్తం వేడి దాదాపు 900 కిలోజౌళ్లు అవుతుంది. ఇరవైకి పైగా లాంచ్‌లతో సమానం. తేడా ఏమిటంటే మధ్యలో ఫ్లైవీల్, ప్రెజర్ ప్లేటు ఆ వేడిని పీల్చుకుని వదిలేందుకు సమయం దొరుకుతుంది. వాలు మీద, ఫ్లైఓవర్ ఎక్కేచోట ఆగితే ఆ సమయం కూడా తగ్గిపోతుంది. కాబట్టి "నేను రేసులు చేయను, ట్రాఫిక్‌లోనే తిరుగుతాను" అన్నవాళ్ల క్లచ్‌కు పని తక్కువేమీ కాదు. అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్తూ వంపుల్లో ముందు బస్సు వెనక హాఫ్ క్లచ్ మీద కారును నిలబెట్టే అలవాటు ఉంటే ఏ క్లచ్చూ నిలవదు. అక్కడ హ్యాండ్ బ్రేక్ వాడాలి.

ఈ వేడి లెక్క తెలిశాక తేలికపాటి ఫ్లైవీల్ గురించి ఆలోచించడం సులువవుతుంది. ఫ్లైవీల్ బరువు తగ్గిస్తే ఇంజిన్ చురుగ్గా ఆర్పీఎం ఎక్కుతుంది, నిజమే. ఆ చురుకు ఫస్ట్, సెకండ్ గేర్లలో తెలుస్తుంది, పై గేర్లలో దాదాపు తెలియదు. దానికి బదులుగా వేడిని పీల్చుకునే ఇనుము తగ్గిపోతుంది, ఐడిల్‌లో ఇంజిన్ త్వరగా ఆగిపోతుంటుంది. సిటీ కారుకు దీనితో పని లేదు.

ఈకాలపు చాలా టర్బో కార్లలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది. ఒక దిమ్మె కాకుండా రెండు దిమ్మెలు, మధ్యలో పొడవాటి వంపు స్ప్రింగులు. ఇంజిన్ తక్కువ ఆర్పీఎంలో ఇచ్చే కుదుపులను గేర్‌బాక్స్ దాకా వెళ్లకుండా ఈ స్ప్రింగులు మింగేస్తాయి. మూడు సిలిండర్ల ఇంజిన్లకూ, డీజిల్ ఇంజిన్లకూ ఈ సాయం మరీ అవసరం. టార్క్ బాగా పెంచితే స్ప్రింగులు చివరిదాకా నొక్కుకుపోయి టక్కుమని తగులుతాయి, క్రమంగా ఫ్లైవీల్ పాడవుతుంది. ఇది ఖరీదైన భాగం. అందుకే చాలామంది దీన్ని తీసేసి ఒకే దిమ్మె ఉన్న సింగిల్ మాస్ ఫ్లైవీల్ వేస్తారు. అది చౌక, గట్టిది. కానీ ఆ తర్వాత న్యూట్రల్‌లో నిలబెడితే గేర్‌బాక్స్ లోంచి గలగలా చప్పుడు వస్తుంది, క్లచ్ తొక్కితే పోతుంది. చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు, స్ప్రింగులు మింగాల్సిన కుదుపులు ఇప్పుడు గేరు పళ్లకు తగులుతున్నాయి, అంతే. ఈ మార్పు చేస్తే క్లచ్ ప్లేటు మధ్యలో తప్పనిసరిగా స్ప్రింగులుండాలి. హబ్‌లో, అంటే ఆ మధ్య భాగంలో, స్ప్రింగుల్లేని గట్టి ప్లేటును రోడ్డు కారులో వేయవద్దు. ప్రతి కుదుపూ సూటిగా గేర్‌బాక్స్‌కు వెళ్తుంది.

దీనికి ఒక చక్కటి పాత ఉదాహరణ ఉంది. నాలుగో తరం గోల్ఫ్, జెట్టాల్లోని 1.8 టర్బో ఇంజిన్‌ను ట్యూన్ చేసుకున్న అమెరికా, యూరప్ యజమానులు చాలామంది రేసింగ్ క్లచ్ జోలికి పోలేదు. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ తీసేసి, ఫోక్స్‌వ్యాగన్‌ వాళ్లదే జీ60 ఇంజిన్ ఫ్లైవీల్, వీఆర్6 ఇంజిన్ క్లచ్ వేసుకున్నారు. అన్నీ కార్ల కంపెనీ భాగాలే, ఆర్గానిక్ ప్లేటే, హబ్‌లో స్ప్రింగులు ఉన్నదే. పెద్ద ఇంజిన్ కోసం చేసిన క్లచ్ చిన్న ఇంజిన్‌కు పెరిగిన టార్క్‌ను సరిగ్గా పట్టుకుంది. మీ కారు గేర్‌బాక్స్ కుటుంబంలోనే ఇంకా బలమైన ఇంజిన్ ఉన్న మోడల్ ఏదైనా ఉందా, దాని క్లచ్ సెట్ సరిపోతుందా అని ముందు కనుక్కోండి. నా దృష్టిలో రోడ్డు కారుకు దొరికే అత్యుత్తమ పెర్ఫార్మెన్స్ క్లచ్ అదే.

రెండు ప్లేట్ల క్లచ్ గురించి ఒక్క మాట. ముఖాలు నాలుగవుతాయి కాబట్టి అదే బిగింపుతో పట్టు రెట్టింపు అవుతుంది. పెడల్ తేలిగ్గా, లైనింగ్ మెత్తగా ఉంచుకోవచ్చు. ధర బాగా ఎక్కువ, పెడల్ తొక్కినప్పుడు ప్లేట్లు గలగలలాడతాయి. 500 న్యూటన్ మీటర్లు దాటిన కార్లకు అది సబబు. మన దగ్గర ఎక్కువగా ట్యూన్ చేసే చిన్న టర్బో కార్లకు అంత అక్కర్లేదు.

పెడల్, ఆ వెనక ఉన్నవి

గట్టి ప్రెజర్ ప్లేటు వేస్తే పెడల్ గట్టిపడుతుంది. 25 శాతం పెంపు కాలికి వారంలో అలవాటవుతుంది. 60, 70 శాతం పెంచిన ప్లేట్లతో రోజుకు రెండు గంటలు ట్రాఫిక్‌లో ఉంటే మోకాలు నొప్పి పుడుతుంది, ఇంట్లో వేరేవాళ్లు ఆ కారు నడపలేరు. కొన్ని కంపెనీలు డయాఫ్రమ్ ఆనే బిందువును జరిపి, పెడల్ బరువెక్కకుండా బిగింపు పెంచుతాయి. అప్పుడు ప్లేటు వదులయ్యే దూరం తగ్గుతుంది. పెడల్ పూర్తిగా తొక్కకపోతే గేరు గీరుకుంటూ పడుతుంది.

స్ప్రింగును నొక్కే భారం పెడల్ దగ్గరే ఆగదు. హైడ్రాలిక్ క్లచ్‌లలో, పెడల్ ఒత్తిడిని ద్రవం ద్వారా అందుకుని క్లచ్‌ను వదులు చేసే స్లేవ్ సిలిండర్ (చాలా కార్లలో ఇది బెల్ హౌసింగ్ లోపలే ఉంటుంది) సీళ్ల మీద పడుతుంది. ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌ను ముందుకు తోస్తుంది కాబట్టి, ఆ తోపును ఆపే ఇంజిన్ థ్రస్ట్ బేరింగ్ మీద కూడా పడుతుంది. గట్టి క్లచ్ వేయించాక సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కి పట్టుకుని కూర్చునే అలవాటు మానాలి, న్యూట్రల్ చేసి కాలు తీసేయాలి. గేర్‌బాక్స్‌కూ ఒక పరిమితి ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ మాన్యువల్ గేర్‌బాక్స్‌లకు ఎంక్యూ200, ఎంక్యూ250 అని పేర్లు పెట్టింది. ఆ సంఖ్య అది ఎంత టార్క్ తరగతికి తయారైందో చెబుతుంది. జారే క్లచ్ ఇన్నాళ్లూ గేర్‌బాక్స్‌కు ఫ్యూజ్‌లా పనిచేసింది. 450 పట్టుకునే క్లచ్ పెట్టి ఆ ఫ్యూజ్ తీసేస్తే, తర్వాత విరిగేది గేరు పన్నో డ్రైవ్ షాఫ్టో అవుతుంది. అందుకే అవసరానికి మించిన పట్టు కొనడం భద్రత కాదు.

దుకాణంలో అడగాల్సింది స్టేజ్ కాదు. ఈ సెట్ ఎన్ని న్యూటన్ మీటర్లు పట్టుకుంటుంది, ఆ అంకె క్రాంక్ దగ్గరిదా చక్రాల దగ్గరిదా, లైనింగ్ ఏమిటి, బిగింపు ఎంత శాతం పెరిగింది, హబ్‌లో స్ప్రింగులు ఉన్నాయా, నా కారులో ఉన్న ఫ్లైవీల్‌తో సరిపోతుందా అని అడగండి. డైనో షీట్‌లో (కారు టార్క్‌ను యంత్రం మీద కొలిచి ఇచ్చే కాగితంలో) చక్రాల దగ్గరి టార్క్ ఉంటే క్రాంక్ దగ్గర అంతకన్నా ఎక్కువ ఉంటుందని గుర్తుంచుకోండి, మధ్యలో గేర్‌బాక్స్ కొంత తినేస్తుంది. క్రాంక్ టార్క్‌కు 20 నుంచి 30 శాతం కలపండి. 320కి 385 నుంచి 415. మీరు వెతకాల్సిన క్లచ్ ఆ మధ్యలో ఉంటుంది. అంకె చెప్పకుండా "సార్, ఇది చాలా హెవీ" అని మాత్రమే చెప్పే చోట కొనకండి.

బిగించేటప్పుడు గేర్‌బాక్స్ ఒకసారి దించాక రిలీజ్ బేరింగ్, స్లేవ్ సిలిండర్, క్రాంక్ వెనక ఆయిల్ సీలు అప్పుడే మార్పించండి. కొత్త ప్లేటు మీద ఆయిల్ చుక్క పడితే ఇంత లెక్కా వృథా. సింగిల్ మాస్ ఫ్లైవీల్‌ను మళ్లీ వాడుతుంటే లేత్ మీద ముఖం చదును చేయించాలి. డ్యూయల్ మాస్ అయితే చెడితే మార్చడమే. కొన్ని కార్లలో అరిగినకొద్దీ తనంతట తానే సర్దుకునే ప్రెజర్ ప్లేటు ఉంటుంది. దాన్ని ప్రత్యేకమైన పనిముట్టుతో నొక్కి పట్టుకుని బిగించాలి. బోల్టులతో లాగి బిగిస్తే సర్దుకునే రింగు ముందే తిరిగిపోయి, కొత్త క్లచ్ మొదటి రోజు నుంచే పెడల్ సరిగా రాదు. మీ మెకానిక్ దగ్గర ఆ పనిముట్టు ఉందో లేదో కారు ఇచ్చే ముందే అడగండి.

క్లచ్ వేశాక వెంటనే దాని బలం చూడాలనిపిస్తుంది. ఆగండి. కొత్త లైనింగ్, ఫ్లైవీల్ ముఖం ఒకదానికొకటి ఒరిపిడి పడి పూర్తిగా ఆనుకోవడానికి సుమారు 800 కిలోమీటర్లు పడుతుంది, కెవ్లార్‌కు ఇంకా ఎక్కువ. ఇవి సిటీ కిలోమీటర్లై ఉండాలి. విజయవాడ హైవే మీద టాప్ గేరులో వెళ్లొస్తే మీటరు తిరుగుతుంది గానీ క్లచ్ ఒక్కసారి కూడా జారి పట్టుకోదు. ఆ రోజుల్లో రీమ్యాప్‌ను స్టాక్ మ్యాప్‌కు (కంపెనీ ఇచ్చిన అసలు సెట్టింగ్‌కు) మార్చుకునే వీలుంటే మార్చండి. ట్రాఫిక్‌లో మామూలుగా, మెల్లగా, వందల సార్లు ఆగి కదలండి. మొదట్లో కాస్త వాసన, కాస్త వణుకు ఉంటాయి, తగ్గుతాయి. మీటరు 800 దాటాక ఖాళీ ఔటర్ మీదికి వెళ్లి, ఐదో గేరులో 80 దగ్గర మళ్లీ ఒకసారి పూర్తిగా తొక్కి ముల్లును చూడండి.